ఆకలిని మెచ్చుకోవచ్చునా?



కొన్నేళ్ళ క్రితం ఒక తపస్కాలంలో నేను చేసిన పొరపాటును మీ ముందు ఒప్పుకొని ఈ వారం మాట మొదలుపెడతాను. మా విచారణకు చెందిన ఒక అమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండేది. ఐదు వేల మీటర్ల పరుగులో తన కాలేజీ తరఫున పోటీలకు వెళ్ళేది. తెల్లవారుజామున నాలుగున్నరకే మైదానంలో ఉండేది. పరుగు ముగించుకొని, చెమట తుడుచుకొని, ఉదయపు పూజకు వచ్చి వెనుక వరుసలో కూర్చునేది. తపస్కాలం మొదలయ్యాక ఆమె రాత్రి భోజనం మానేసిందని, పగలు కూడా రెండు ఇడ్లీలతో సరిపెడుతోందని వాళ్ళమ్మ నాతో కొంచెం గర్వంగా, కొంచెం దిగులుగా చెప్పింది. ఆ గర్వం నా చెవికి సోకింది. దిగులు సోకలేదు. ఆ ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయేలా, "ఈ కాలపు పిల్లల్లో ఇంతటి నిగ్రహం ఎందరికుంది?" అని ఆమెను మెచ్చుకున్నాను.

తపస్కాలం ముగిసింది. పునరుత్థాన పండుగ వచ్చి వెళ్ళింది. ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ తినడం మొదలుపెట్టలేదు. వర్షాకాలంలో పరుగెత్తుతూ పరుగెత్తుతూ కాలు నొప్పితో కూలబడింది. పడలేదు, దేనికీ తగలలేదు. అయినా మోకాలి కింద ఎముకకు సన్నని చీలిక వచ్చింది. పరీక్ష చేసిన డాక్టరమ్మ కాలి గూర్చి రెండు మాటలు అడిగి, నెలసరి గూర్చి నాలుగు మాటలు అడిగిందట. ఏడు నెలలుగా రాలేదని అప్పుడు బయటపడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను గుడిలో పదిమంది ఎదుట సుగుణమని మెచ్చుకున్నది నిజానికి ఒక జబ్బు.

నేను వైద్యుడిని కాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్నవాడిని మాత్రమే. మంచికీ చెడుకూ తేడా చెప్పడం నేర్పిన చదువు అది. అంత చదివినవాడు ఒక జబ్బును చూసి సుగుణమని ఎలా పొరబడ్డాడు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. ఆ పొరపాటు నా ఒక్కడిదే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. ప్రపంచంలో ఆడపిల్లల క్రీడలు ఎంతో ఎదిగిన చోట కూడా ఎందరో పెద్దలు ఇదే పొరపాటు చేశారు. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. తిండి దొరకక పస్తులుండేవారు మన చుట్టూ ఇంతమంది ఉండగా, దొరికినా తిననివారి గూర్చి వ్రాయడం అవసరమా? ఆ అమ్మాయి కలిగినవారి బిడ్డ కాదు. తండ్రి ఆటో నడిపేవాడు. లేక తినకపోవడం ఒక బాధ అయితే, ఉండీ తినలేకపోవడం మరొక బాధ. ఒక బాధను చూపి మరొకదాన్ని కొట్టివేయడం న్యాయం కాదు. పైగా ఈ రెండో బాధను ఎవరూ బాధ అనరు. క్రమశిక్షణ అంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికా కాలేజీల సంగతి చూద్దాం. అక్కడ 1972లో వచ్చిన ఒక చట్టం, ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో ఆడవారి పట్ల వివక్ష కూడదన్నది. దాంతో కాలేజీ మైదానాల తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. అప్పట్లో కాలేజీ పోటీల్లో పాల్గొనే అమ్మాయిలు సుమారు 30 వేలమంది అయితే, ఇప్పుడు 2 లక్షలు దాటారు. ఇది గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కాని ఆటతోపాటు తూకం మిషను కూడా వచ్చింది. పరుగు, జిమ్నాస్టిక్స్, ఈత వంటి క్రీడల్లో సన్నబడితే వేగం వస్తుందని, అందం వస్తుందని, మార్కులు పడతాయని ఒక నమ్మకం నాటుకుంది. కొన్ని జట్లలో అందరి ఎదుటా బరువు తూచడం, తగ్గినవారిని పొగడడం, పెరిగినవారిని ఎగతాళి చేయడం మామూలైపోయింది.

క్రిస్టీ హెన్రిచ్ అనే అమెరికా జిమ్నాస్టు కథ ఆ దేశాన్ని కుదిపింది. ఆమె కాలేజీ జట్టు క్రీడాకారిణి కాదు, జాతీయ జట్టులో ఆడినది. కాని కాలేజీ పిల్లల వయసే. 1989 ప్రపంచ పోటీల్లో ఒక విభాగంలో నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ జట్టులో చోటు కావాలంటే బరువు తగ్గాలని న్యాయనిర్ణేత ఒకరు ఆమెతో అన్నారని అప్పటి పత్రికలు వ్రాశాయి. అప్పటికి ఆమె 50 కిలోలు కూడా లేదు. ఆ మాట విన్న నాటి నుంచి తిండిపై ఆమె మొదలుపెట్టిన యుద్ధం అనొరెక్సియా, బులీమియా అనే జబ్బులుగా ముదిరింది. అనొరెక్సియా అంటే బరువు పెరుగుతుందన్న భయంతో ప్రాణం మీదికి వచ్చేదాకా తిండి మానడం. బులీమియా అంటే పట్టలేని ఆబతో తిని, ఆ వెంటనే వాంతి చేసుకోవడం వంటి పనులతో దాన్ని వదిలించుకోవాలని చూడడం. 1994 జూలై 26న, 22 ఏళ్ళ వయసులో, అవయవాలు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేసి ఆమె మరణించింది.

ఆ కథలో నన్ను ఆపివేసిన సంగతి ఒకటుంది. జిమ్ములో ఆమెకు ఒక ముద్దుపేరు ఉండేది. దాని అర్థం "అందరికంటే గట్టిపిండం" అని. నొప్పిని లెక్కచేయదని, ఎవరెంత చెబితే అంతకు మించి చేస్తుందని మెచ్చుకుంటూ పెట్టిన పేరు అది. ఆ పేరు పెట్టినవారికి ఆమె చెడు కోరే ఉద్దేశం లేదు. నాకూ లేదు.

హెన్రిచ్ వంటి మరణాలు అరుదు. అరుదైనదాన్ని చూపి అందరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో 11 పెద్ద కాలేజీలకు చెందిన 1,445 మంది క్రీడాకారులను, అబ్బాయిలనూ అమ్మాయిలనూ, ప్రశ్నించారు. అమ్మాయిల్లో బులీమియా జబ్బు పూర్తిగా ఉన్నవారు 1.1 శాతం. కాని ఆ జబ్బు లక్షణాలు వైద్యులు పట్టించుకోవలసినంతగా ఉన్నవారు 9.2 శాతం. అంటే డాక్టరు చీటీలో జబ్బు పేరు వ్రాయించుకున్న ఒక్కరి వెనుక, ఏ పేరూ లేకుండా నలిగిపోయేవారు ఇంకెందరో ఉన్నారన్నమాట. నివారణ అనేది ముఖ్యంగా వీరి కోసం. అంచుదాకా పోయినవారిని వైద్యులు చూసుకుంటారు. అంచువైపు నడుస్తున్నవారిని చూడవలసింది మనం.

శరీరం లోపల జరిగేది కూడా కొంత తెలుసుకోవాలి. పరుగెత్తే అమ్మాయి తిన్న తిండిలో ముందుగా పరుగుకు ఖర్చు పోతుంది. మిగిలినదానితోనే గుండె, మెదడు, ఎముకలు, గర్భాశయం బతకాలి. మిగులు చాలనప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. పేదింటి ఇల్లాలు ముందుగా పండుగ ఖర్చు ఆపినట్టు, శరీరం ముందుగా నెలసరిని ఆపుతుంది. దానితోపాటు ఎముకకు గట్టిదనమిచ్చే హార్మోన్లు తగ్గుతాయి. గాడి తప్పిన తిండి అలవాట్లు, ఆగిన నెలసరి, పలచబడిన ఎముక: ఈ మూడూ ఒకే తాడుకు వేసిన ముళ్ళని అమెరికా క్రీడావైద్యులు 1992లో గుర్తించి, మూడింటికీ కలిపి ఒక పేరు పెట్టారు. అంతకు ముందే, 1984లో బార్బరా డ్రింక్‌వాటర్ అనే శాస్త్రవేత్త బృందం నెలసరి ఆగిన 14 మంది క్రీడాకారిణుల ఎముకలను, సక్రమంగా ఉన్న 14 మంది ఎముకలతో పోల్చి చూసింది. నెలసరి ఆగినవారి సగటు వయసు 25 ఏళ్ళు. వారి వెన్నెముక గట్టిదనం మాత్రం 51 ఏళ్ళ స్త్రీలకు ఉండేంత. "కష్టపడి సాధన చేస్తే నెలసరి ఆగడం మామూలే" అని మైదానాల్లో వినిపించే మాట ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మనిషి ఎముకలు గట్టిపడవలసిన వయసు ఇదే. ఇప్పుడు కూడబెట్టుకోనిది తరువాత పూర్తిగా సమకూరుతుందన్న హామీ లేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇక తత్వశాస్త్రం దగ్గరికి వస్తాను. సుగుణమంటే రెండు అతులకు మధ్య ఉండే మితమని అరిస్టాటిల్ చెప్పాడు. అది చాలామందికి తెలుసు. ఆ మితాన్ని వివరించడానికి ఆయన ఎన్నుకున్న ఉదాహరణ క్రీడాకారుల తిండే అన్న సంగతి చాలామందికి తెలియదు. పది పాళ్ళ తిండి ఎక్కువ, రెండు పాళ్ళు తక్కువ అనుకుందాం. అయితే శిక్షకుడు అందరికీ ఆరు పాళ్ళు పెట్టమంటాడా? అనడు. మైలో అనే మహామల్లుడికి ఆరు పాళ్ళు చాలవు. కుస్తీ అప్పుడే మొదలుపెట్టినవాడికి అవే ఆరు పాళ్ళు ఎక్కువ. మితం అంకెలో లేదు, ఆ మనిషిలో, ఆ మనిషి చేసే పనిలో ఉన్నదని ఆయన తాత్పర్యం. రెండువేల మూడువందల ఏళ్ళ క్రితం ఆయన గ్రహించిన ఈ చిన్న సంగతిని, తూకం మిషను చేతికి వచ్చాక మనం మరచిపోయాం. పక్క అమ్మాయి బరువెంతో చూసి, పోయిన ఏడాది గెలిచిన అమ్మాయి బరువెంతో చూసి, అదే అంకెకు అందరినీ తేవాలని చూస్తున్నాం.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ 100 గ్రాముల బరువు ఎక్కువైనందుకు ఫైనల్‌కు అనర్హురాలైనప్పుడు దేశమంతా బాధపడింది. అది జబ్బు కథ కాదు, కుస్తీ నియమం కథ. కుస్తీకి బరువుల తరగతులున్నాయి, కనుక అక్కడ తూకం ఆటలో భాగం. కాని ఐదు వేల మీటర్ల పరుగు నియమావళిలో బరువు గూర్చి ఒక్క మాట కూడా లేదు. గీత ఎవరు ముందు దాటితే వారిదే గెలుపు. ఆ తూకాన్ని పరుగు మైదానంలోకి తెచ్చింది నియమం కాదు, మనుషులు. మనుషులు తెచ్చినదాన్ని మనుషులు తీసివేయవచ్చు.

"మరి ఉపవాసం సంగతి ఏమిటి? అది కూడా ఆకలే కదా?" అని మీరు అడగవచ్చు. నా పొరపాటుకు మూలం అక్కడే ఉంది గనుక జవాబు చెప్పవలసినవాడిని నేనే. ఉపవాసానికి హద్దు ఉంది. ఒకరోజు మొదలై ఒకరోజు ముగుస్తుంది. శ్రీసభ చట్టం కూడా ఉపవాస నియమాన్ని 18 ఏళ్ళు నిండినవారికే విధించి, 60వ ఏడు మొదలయ్యేసరికి తీసివేస్తుంది. ఆ రోజున కూడా ఒక పూట నిండు భోజనం ఉంది. రోగులకు మినహాయింపు ఉంది. మనిషి ప్రాణాన్ని నిలబెట్టడానికి కావలసిన ఆహారాన్ని కోసివేయడం సద్బుద్ధి పని కాదని పునీత తోమాసు అక్వినాసు వ్రాశారు. గౌతమ బుద్ధుడు ఎముకల గూడయ్యేదాకా ఉపవసించి, అది దారి కాదని గ్రహించి పాయసం స్వీకరించిన కథ మనకందరికీ తెలిసినదే. ఉపవాసి చూపు తన మీద ఉండదు, మరొక మంచి మీద ఉంటుంది. జబ్బు చేసిన అమ్మాయి చూపు తూకం మీది అంకెను వదిలిపోలేదు. రెంటినీ వేరు చేయడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: ఆపగలదా? పండుగనాడు అందరితో కూర్చుని నిర్భయంగా తినగలిగితే అది నిగ్రహం. ఆపాలనుకున్నా ఆపలేకపోతే, ఆమె దేన్నీ నిగ్రహించడం లేదు, ఏదో ఆమెను నిగ్రహిస్తున్నది. ఆ పండుగ రోజున ఆ అమ్మాయి పళ్ళెం వైపు నేను ఒక్కసారి చూసి ఉంటే తెలిసిపోయేది.

మరొక వాదన ఉంది. "ఆమె చిన్నపిల్ల కాదు. కాలేజీ చదువుతున్నది. గెలుపు కోసం త్యాగం చేస్తానంటే కాదనడానికి మనమెవరం?" ఇది తేలికగా తోసివేయదగ్గ వాదన కాదు. త్యాగం లేకుండా ఏ విద్యా రాదు. అయితే త్యాగం చేయాలంటే ముందు స్వేచ్ఛ ఉండాలి. జట్టులో చోటు, స్కాలర్‌షిప్పు, స్పోర్ట్స్ కోటాలో సీటు ఎవరి చేతిలో ఉన్నాయో, ఆ వ్యక్తి "కొంచెం తగ్గితే బాగుంటుంది" అన్నప్పుడు అది సలహా కాదు, ఆజ్ఞ. దానికి తలవంచడాన్ని స్వేచ్ఛ అనలేం.

రెండో సంగతి ఇంకా లోతైనది. 1944, 1945 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, తమంతట తాము ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు చాలీచాలని తిండి పెట్టి పరిశీలించాడు. వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే అయింది. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకొని కూర్చునేవారు. చిరాకు, దిగులు పెరిగాయి, నలుగురితో కలవడం తగ్గింది. మళ్ళీ తిండి పెట్టినప్పుడు కొందరు తినడం ఆపలేకపోయారు. గట్టి మనసున్న మగవారి బుద్ధినే ఆకలి అంతగా మార్చగలిగినప్పుడు, పందొమ్మిదేళ్ళ పిల్ల సంగతి వేరే చెప్పాలా? ఆకలి మొదట ఆమె ఎంపికే కావచ్చు. కొంతకాలం గడిచాక ఎంచుకునే బుద్ధినే అది పట్టుకుంటుంది. అందుకే "బుద్ధిగా తినమ్మా" అన్న ఉపదేశంతో ఈ జబ్బు పోదు. గద్దించడంతో అసలే పోదు. డాక్టరు, మానసిక వైద్యులు, పోషకాహారం తెలిసినవారు కలిసి చూడవలసినది ఇది.

మరి నివారణ మాటేమిటి? అది సాధ్యమేనని చూపిన ప్రయత్నాలు ఉన్నాయి. టెక్సాస్‌లోని ట్రినిటీ విశ్వవిద్యాలయంలో కరోలిన్ బెకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 157 మంది క్రీడాకారిణులతో ఒక కార్యక్రమం నడిపి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ప్రసంగాలు పెద్దవారు చేయలేదు. తోటి క్రీడాకారిణులే ముందుండి చర్చలు నడిపారు. ఏడాది తరువాత చూసినా తిండి గూర్చి, ఒంటి గూర్చి అమ్మాయిల్లో ఉన్న వికారపు ఆలోచనలు తగ్గి కనిపించాయి. నిర్వాహకులు అనుకోని ఫలితం మరొకటి వచ్చింది. ఎవరూ పంపకుండానే కొందరు అమ్మాయిలు తమంతట తామే డాక్టరు దగ్గరికి వెళ్ళి, నెలసరి గూర్చి, ఎముకల గూర్చి అడిగారు. చెప్పుకోదగ్గ విషయమేనని తెలిశాక వారు దాచుకోలేదు.

నార్వే దేశంలో క్రీడా ఉన్నత పాఠశాలల్లో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాదిపాటు కార్యక్రమం నడిచిన పాఠశాలల అమ్మాయిల్లో కొత్తగా ఈ జబ్బు వచ్చినవారు ఒక్కరూ లేరు. కార్యక్రమం లేని పాఠశాలల్లో 13 శాతం మందికి వచ్చింది.

నియమాలు మార్చడం కూడా నివారణే. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికా కాలేజీల్లో ముగ్గురు కుస్తీ యువకులు, బరువు దించడానికి ఒంట్లో నీరంతా చెమటగా పోగొట్టుకొనే ప్రయత్నంలో చనిపోయారు. కొద్ది వారాల్లోనే అక్కడి కాలేజీ క్రీడల సంఘం రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించి, తూకం వేసే వేళలను మార్చింది. ముగ్గురు ఒక్కసారిగా పోతే నియమం వెంటనే మారింది. ఆడపిల్లలు ఒక్కొక్కరుగా, సంవత్సరాల తరబడి, నిశ్శబ్దంగా కరిగిపోతారు. అందుకే వారి విషయంలో మార్పు ఇంత నిదానం.

ప్రియ పాఠకులారా, మన ఊళ్ళకు వద్దాం. ఈనాడు మన తెలుగు ఆడపిల్లలు ఎందరో కాలేజీ జట్లలో ఆడుతున్నారు. క్రీడా హాస్టళ్ళలో ఉంటున్నారు. కొందరు విదేశాల్లో చదువుతూ ఆడుతున్నారు. వారి చుట్టూ ఉన్నవారిగా మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

కాలేజీల పి.డి. గార్లకు నా విన్నపం. అమ్మాయి బరువు గూర్చి నలుగురిలో మాట్లాడకండి. తూచవలసిన అవసరం నిజంగా ఉంటే ఆ పని డాక్టరుకో నర్సుకో వదిలిపెట్టండి. మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలన్న మాటను, మోకాలి నొప్పి గూర్చి చెప్పినంత మామూలుగా ఒక మహిళా శిక్షకురాలితోనో, సీనియరు క్రీడాకారిణితోనో చెప్పించండి.

హాస్టలు వార్డెన్లకు ఒక మాట. తిండి చాలని ప్రతి అమ్మాయికీ మనసులో జబ్బు ఉండనక్కరలేదు. సాధన ముగించుకొని ఎనిమిదిన్నరకు వచ్చేసరికి మెస్ మూతపడితే ఆమె ఏం తింటుంది? బిస్కెట్లు తిని పడుకుంటుంది. ఏడాదిపాటు అలా జరిగితే ఎముక అరిగేది అరుగుతూనే ఉంటుంది. ఒక పళ్ళెం అన్నం, పప్పు, గుడ్డు మూతపెట్టి ఉంచమని వంటమనిషికి చెప్పడం కూడా నివారణే.

తల్లిదండ్రులారా, తోటి విద్యార్థినులారా, గుర్తులు కొన్ని తెలుసుకోండి. నలుగురితో కలిసి తినకుండా తప్పించుకోవడం, తిన్న వెంటనే ప్రతిసారీ స్నానాలగదికి వెళ్ళడం, అందరూ పడుకున్నాక రహస్యంగా వ్యాయామం చేయడం, ఎండలో కూడా చలి అనడం, ఎముకకు మాటిమాటికీ చీలికలు రావడం, ఒక్క పూట ఎక్కువ తింటే నేరం చేసినట్టు ఏడవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జబ్బేనని ముద్ర వేయనక్కరలేదు. కాని పక్కన కూర్చొని అడగవలసిన సమయం వచ్చిందని తెలుసుకోండి. "ఎందుకింత చిక్కిపోయావు?" అని ఒంటి గూర్చి మొదలుపెట్టకుండా, "ఈ మధ్య దిగులుగా కనిపిస్తున్నావమ్మా, ఏమైంది?" అని మనిషి గూర్చి మొదలుపెట్టండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. డాక్టరు దగ్గరికి తోడు వస్తానని మాట ఇవ్వండి.

ఇక నావంటి మాటకారులకు, అంటే గురువులకు, ఉపాధ్యాయులకు, ఇంటి పెద్దలకు, ఒక హెచ్చరిక. చెడును ఖండించేటప్పుడు మనం పదిసార్లు ఆలోచిస్తాం. మెచ్చుకునేటప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించం. మెప్పు ఎవరికీ హాని చేయదనుకుంటాం. కాని మనం దేన్ని మెచ్చుకుంటే పిల్లలు దానివైపే నడుస్తారు. పిల్ల తగ్గించుకున్న కిలోలను మెచ్చుకుంటే ఇంకా తగ్గిస్తుంది. నొప్పిని దాచుకున్నందుకు మెచ్చుకుంటే ఇంకా దాచుకుంటుంది. నొప్పి ఉందని శిక్షకుడికి ధైర్యంగా చెప్పినందుకు, అలసిననాడు విశ్రాంతి తీసుకున్నందుకు, జట్టులో వెనుకబడ్డ అమ్మాయికి తోడుగా నడిచినందుకు మెచ్చుకుని చూడండి.

ఆ అమ్మాయి కోలుకోవడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. డాక్టరమ్మ మందుకంటే ఎక్కువగా ఓపిక ఖర్చుపెట్టింది. తల్లి రోజూ పక్కన కూర్చొని తను కూడా తింటూ తినిపించింది. మళ్ళీ పరుగెత్తగలిగింది గాని, పోటీలకు వెళ్ళలేదు. ఇప్పుడు ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నది. ఒకసారి పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను కలిసింది. నేను ఆనాటి ప్రసంగం సంగతి ఎత్తి, "నన్ను క్షమించమ్మా" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నది:

"మీరు మెచ్చుకోకపోయినా అప్పట్లో నేను తిని ఉండేదాన్ని కాదేమో, ఫాదర్. కాని మీరు అంతమందిలో మెచ్చుకున్నాక, మళ్ళీ తినాలంటే సిగ్గేసింది."

ఆమె నన్ను నిందించాలని ఆ మాట అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అంతకుమించిన శిక్ష నాకు అక్కరలేదు. ఆ రోజు విచారణ పండుగ భోజనంలో ఆమె తన బడి పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకొని బంతిలో కూర్చున్నది. వడ్డన నా వంతు. ఆమె విస్తరి దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా, అందరికీ వడ్డించినట్టే ఆమెకూ అన్నం వడ్డించి ముందుకు సాగాను.